రొట్టె ఎక్కడుందో వెతుక్కుంటూ చదువు

ప్రశ్న: టీచర్ గారూ, నమస్కారం. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఇంకో పన్నెండు రోజుల్లో సోషల్ పరీక్ష. రష్యా విప్లవం, దాని పరిణామాలు అనే పాఠం నుంచి పెద్ద ప్రశ్న ఖాయమని మా క్లాసులో అందరూ అంటున్నారు. 1917 వరకూ నాకు బాగానే వస్తోంది. విప్లవం అయిపోయాక అంతర్యుద్ధం, యుద్ధ కమ్యూనిజం, నెప్, స్టాలిన్... అక్కడికొచ్చేసరికి అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. మూడుసార్లు చదివాను. పుస్తకం మూస్తే ఖాళీ. ఎలా చదవమంటారు?
- ఒక విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "విప్లవం అయిపోయాక" అన్నావు. నువ్వే కాదులే, నేను దిద్దిన పేపర్లలో సగానికి సగం ఇదే వరస. మొదటి పేజీ నిండా జార్ (రష్యా చక్రవర్తి), ఆయన కుటుంబం నమ్ముకున్న సాధువు రాస్‌పుటిన్. రెండో పేజీలో విప్లవ నాయకుడు లెనిన్ రైలు దిగడం, ప్రభుత్వం కొలువున్న వింటర్ ప్యాలెస్ పట్టుకోవడం. ఆ తర్వాత 1918 నుంచి 1924 దాకా జరిగిందంతా ఆఖరి నాలుగు లైన్లలో కుక్కేయడం. శుభం కార్డు పడకముందే లేచి గుమ్మం వైపు నడిచే ప్రేక్షకుల్లాగా! మార్కులేమో ఆ నాలుగు లైన్ల దగ్గరే ఉంటాయి.

ఒక ఏడాది విసుగొచ్చి, పాఠం మొదలుపెట్టకుండా బోర్డు మీద ఒక రొట్టె బొమ్మ గీశాను. నాకు బొమ్మలు రావు. వెనక బెంచీ వాడొకడు "దిండా టీచర్?" అన్నాడు. దిండే అనుకోండిరా, కానీ ఈ పాఠం అయ్యేదాకా ఏ పేరా చదివినా ఒక్కటే అడగండి అన్నాను: ఇప్పుడు రొట్టె ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది? రిటైరయ్యేదాకా ఆ దిండు నా పాఠంతోనే ఉంది. నీతో కూడా ఒకసారి అదే నడక నడిపిస్తాను.

1917 ఫిబ్రవరి. అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో గడ్డ కట్టే చలి. రొట్టెల దుకాణాల ముందు తెల్లవారకముందే ఆడవాళ్ల వరసలు. ఇక్కడ చాలామంది "దేశంలో తిండిగింజలు లేవు" అని రాసేస్తారు. అది తప్పు. గింజలు దేశంలో ఉన్నాయి, నగరంలో లేవు. మూడో ఏట పడిన మొదటి ప్రపంచ యుద్ధం రైళ్లన్నిటినీ సైన్యానికి కట్టేసింది. ఫ్యాక్టరీలు ఫిరంగి గుండ్లు చేస్తున్నాయి తప్ప మేకులు, గుడ్డలు చేయట్లేదు. డబ్బిచ్చినా కొనడానికి ఏమీ దొరకనప్పుడు రైతు గింజలు ఎందుకు అమ్ముతాడు? గాదెలో దాచుకున్నాడు. ఈ ఒక్క వాక్యం పట్టుకో, నీకు 1928 దాకా పనికొస్తుంది.

ఫిబ్రవరి 23న బట్టల మిల్లుల ఆడవాళ్లు పని ఆపి రొట్టె కావాలంటూ రోడ్డెక్కారు. పక్క ఫ్యాక్టరీల గేట్ల దగ్గరికి వెళ్లి మగవాళ్లను బయటికి పిలిచారు. నాలుగో రోజు, అంటే 26న, సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. 27 పొద్దున వోలిన్‌స్కీ రెజిమెంటు సైనికులు ఇక కాల్చం అని తిరగబడ్డారు. జార్ కథ అక్కడే ముగిసింది. మార్చి 2న ప్స్కోవ్‌లో, ముందుకు కదలనివ్వని రైల్లో కూర్చుని, రెండో నికోలస్ సింహాసనం వదులుకుంటూ సంతకం చేశాడు. గమనించావా, ఇందులో లెనిన్ లేడు. ఆయన అప్పటికి స్విట్జర్లాండ్‌లో ఉన్నాడు. "లెనిన్ జార్‌ను దించాడు" అనే వాక్యం కింద నేను గీసిన ఎర్ర గీతలన్నీ కలిపితే పెట్రోగ్రాడ్ దాకా పోతాయేమో.

ఇప్పుడు తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది. దానికి ఎదురుగా పెట్రోగ్రాడ్ సోవియట్, అంటే కార్మికులు, సైనికులు ఎన్నుకున్న ప్రతినిధుల సభ. ఎదురుగా అంటే నిజంగానే! రెండూ ఒకే తౌరీడ్ భవనంలో, చెరో వైపు కూర్చున్నాయి. ద్వంద్వ అధికారం అనే మాట గుర్తుండకపోతే ఆ భవనాన్ని గుర్తుపెట్టుకో. మంత్రులు ఒకవైపు; సైన్యం, రైల్వే కార్మికులు ఎవరి మాట వింటారో వాళ్లు ఇంకోవైపు. మరి రొట్టె? మార్చి 25న ఈ తాత్కాలిక ప్రభుత్వమే ధాన్యం మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ప్రకటించింది. ఇంటి అవసరానికి పోను మిగిలింది నిర్ణీత ధరకు ప్రభుత్వానికే ఇవ్వాలన్నమాట. అంతకు ముందు, 1916 చివర్లో, జార్ ప్రభుత్వమే రాష్ట్రాల వారీగా ధాన్యం కోటాలు వేసింది. తర్వాత అధికారానికొచ్చిన బోల్షెవిక్కులు, అంటే లెనిన్ పార్టీవాళ్లు, ఈ ఆలోచనను ఆకాశం నుంచి దించలేదు. పరీక్షలో ఈ ముక్క రాసిన పేపరును నేనైతే పక్కకు తీసి రెండోసారి చదువుతాను.

యుద్ధం ఆపలేదు, భూమి పంచలేదు, రొట్టె తేలేదు. కాబట్టే ఏప్రిల్ 3న ఫిన్లాండ్ స్టేషన్‌లో రైలు దిగిన లెనిన్ మాటలకు ఆరు నెలల్లో బలం వచ్చింది. శాంతి, భూమి, రొట్టె అనే నినాదం అందరూ రాస్తారు. ఆ మూడూ ఎవరెవరికి అని రాయి. శాంతి సైనికుడికి, భూమి రైతుకు, రొట్టె నగరంలో కార్మికుడికి. జూన్‌లో యుద్ధరంగంలో దాడి విఫలమవడం, ఆగస్టులో జనరల్ కార్నిలోవ్ కుట్ర, సోవియట్లలో బోల్షెవిక్కులకు ఆధిక్యం రావడం: ఇవి పుస్తకంలో బాగానే ఉంటాయి, నేను చెప్పను. అక్టోబరు 25న అధికారం చేతులు మారింది. మర్నాడే శాంతి డిక్రీ, భూమి డిక్రీ (డిక్రీ అంటే ప్రభుత్వ ఆదేశం). భూస్వాముల భూమి నష్టపరిహారం లేకుండా పోయింది. నిజానికి చాలాచోట్ల రైతులు అప్పటికే ఆక్రమించేసుకున్నారు, డిక్రీ దాని మీద ముద్ర వేసింది.

సరిగ్గా ఇక్కడే నీ బండి ఆగిపోతోంది కదా? రొట్టె ఎక్కడుందో అడుగు.

భూమి రైతు చేతికి వచ్చింది. కాబట్టి గింజలు కూడా పూర్తిగా రైతు చేతిలోనే ఉన్నాయి. ఫ్యాక్టరీలు ఇంకా మేకులూ గుడ్డలూ ఇవ్వట్లేదు. 1918 మార్చి 3న బ్రెస్ట్-లిటోవ్స్క్ ఒప్పందంతో జర్మనీతో శాంతి వచ్చింది కానీ ధాన్యాగారం లాంటి ఉక్రెయిన్ చేజారింది. అంటే శాంతి కోసం రొట్టెను పణంగా పెట్టారు. నినాదంలోని మూడు మాటలూ ఒకదాన్నొకటి తినేయడం మొదలైంది. ఆకలి నగరం గింజలు దాచుకున్న పల్లె మీదకు ఆయుధాలతో మనుషుల్ని పంపింది. 1918 మే నుంచి ఆహార దళాలు, జూన్‌లో పల్లెల్లో పేదల కమిటీలు, 1919 జనవరి నుంచి దేశమంతటా కోటాలు. యుద్ధ కమ్యూనిజం అని నువ్వు బట్టీ పడుతున్నది దీన్నే. పెద్ద పరిశ్రమల జాతీయీకరణ, ప్రైవేటు వ్యాపారం మీద నిషేధం కూడా దానిలో భాగాలు.

వ్యాపారం నిషేధిస్తే ఏమైంది? జనం గోనె సంచులు భుజాన వేసుకుని, రైళ్ల కప్పుల మీద కూడా ఎక్కి పల్లెలకు పోయి, ఇంట్లో సామాను ఇచ్చి పిండి తెచ్చుకునేవారు. వాళ్లకు 'సంచుల వాళ్లు' అనే పేరే పడింది. దారిలో తనిఖీ దళాలు ఆపి సంచి లాక్కునేవి. పిండి దొరకని వాళ్లు నగరమే వదిలేశారు. 1917లో 20 లక్షలు దాటిన పెట్రోగ్రాడ్ జనాభా 1920 నాటికి 7 లక్షల చిల్లరకు పడిపోయింది. కార్మిక విప్లవం పుట్టిన ఊళ్లో కార్మికులే పలచబడ్డారు. పరిణామాలు అనే ప్రశ్నకు ఈ ఒక్క పోలిక ఒక పేరా పెట్టు.

అంతర్యుద్ధాన్ని నేను వేగంగా దాటిస్తాను. బోల్షెవిక్కులది ఎర్ర సైన్యం, దాని వెనక ట్రాట్‌స్కీ. వాళ్లను ఎదిరించిన తెల్ల సైన్యంలో డెనికిన్, కోల్చాక్, యూడెనిచ్, ఆఖర్న వ్రాంగెల్. తెల్లవాళ్లకు బయటి దేశాల సాయం. ఎర్రవాళ్లు ఎందుకు గెలిచారంటే మూడు కారణాలు చాలు: దేశం మధ్యభాగం, అక్కడి రైల్వేలు, ఫ్యాక్టరీలు వాళ్ల చేతిలో ఉండటం; ఎదుటివాళ్లలో ఐకమత్యం లేకపోవడం; తెల్లవాళ్లు గెలిస్తే భూస్వామి తిరిగొస్తాడని రైతుకు భయం. ఈ మూడోది మన దిండు లెక్కలోకే వస్తుంది. రైతుకు గింజలు లాక్కునేవాడి మీద కోపం ఉంది, భూమి లాక్కునేవాడి మీద అంతకంటే కోపం ఉంది. అందుకే తెల్ల సైన్యాలు ఓడిపోయేదాకా ఓర్చుకున్నట్టు ఉండి, ఆ భయం తీరగానే తిరగబడ్డాడు. టాంబోవ్ రాష్ట్రంలో 1920 ఆగస్టులో మొదలైన రైతు తిరుగుబాటు పుస్తకంలో లేకపోయినా ఒక లైను రాయి.

తర్వాత క్రోన్‌స్టాట్. ఇది నిదానంగా చదువు. పెట్రోగ్రాడ్ ఎదుట సముద్రంలో ఒక కోట, నౌకాదళ స్థావరం. 1917లో ఆ నావికులే బోల్షెవిక్కుల గర్వకారణం. 1921 ఫిబ్రవరి 28న పెట్రోపావ్లోవ్స్క్ అనే యుద్ధనౌక మీద వాళ్లు చేసిన తీర్మానంలో ఏముందో తెలుసా? రహస్య బ్యాలెట్‌తో సోవియట్లకు కొత్త ఎన్నికలు, కార్మికులకూ రైతులకూ వాక్ స్వాతంత్ర్యం. వాటితోపాటు, ఇందాక చెప్పిన సంచులు లాక్కునే తనిఖీ దళాల రద్దు! ప్రభుత్వం గడ్డ కట్టిన సముద్రం మీదుగా ఎర్ర సైన్యాన్ని నడిపించి మార్చి 18కల్లా తిరుగుబాటును అణచివేసింది. సరిగ్గా అదే రోజుల్లో మాస్కోలో పార్టీ పదో మహాసభ జరుగుతోంది. ఆ సభలోనే లెనిన్ ధాన్యం కోటాలు తీసేసి పన్ను పెడదామన్నాడు. పన్ను కట్టగా మిగిలింది రైతు బజారులో అమ్ముకోవచ్చు. అదే నెప్, అంటే కొత్త ఆర్థిక విధానం. చిన్న వ్యాపారాలు ప్రైవేటుకు, పెద్ద పరిశ్రమలు, బ్యాంకులు, విదేశీ వ్యాపారం ప్రభుత్వానికి. అదే సభలో పార్టీ లోపల ముఠాలు కట్టకూడదని నిషేధం కూడా పెట్టారు. బజారులో పగ్గం వదిలి పార్టీలో పగ్గం బిగించారు. స్టాలిన్ ఎలా ఎదిగాడని అడిగితే ఆ నిషేధం నుంచి మొదలుపెట్టు, 1922 ఏప్రిల్‌లో ప్రధాన కార్యదర్శి అయిన దగ్గర్నుంచి కాదు.

నెప్ రాగానే కడుపులు నిండలేదు. కోటాల దెబ్బకు రైతు తక్కువ విత్తాడు, దాని మీద కరువొచ్చింది. 1921-22లో వోల్గా ప్రాంతంలో వచ్చిన క్షామంలో సుమారు 50 లక్షల మంది చనిపోయారు. తర్వాతే కోలుకోవడం. 1922 డిసెంబరు 30న సోవియట్ యూనియన్, 1924 జనవరి 21న లెనిన్ మరణం. మీ పాఠం ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు కానీ దిండు కథ 1928లో మళ్లీ మొదటికొస్తుంది. గింజలు రావట్లేదని జనవరిలో స్టాలిన్ స్వయంగా సైబీరియా వెళ్లి బలవంతపు వసూళ్లు చేయించాడు. రైతు ఎందుకు దాచుకున్నాడు? ధర గిట్టక, కొనడానికి సరుకు లేక. ఫిబ్రవరి 1917 దగ్గర పట్టుకోమన్న వాక్యం ఉందా నీ దగ్గర? ఈసారి ప్రభుత్వం వేసిన మందు సామూహిక వ్యవసాయం, అంటే గాదెనే రైతు చేతిలోంచి తీసేయడం.

ఇప్పుడు పని సంగతి. పన్నెండు రోజుల్లో నాలుగు ఈ పాఠానికి ఇవ్వు. మొదటి రోజు ఒక పెద్ద కాగితాన్ని నిలువునా మూడు మడతలు పెట్టి నగరం, పల్లె, సైన్యం అని రాసుకో. పుస్తకంలో వచ్చిన ప్రతి సంఘటననూ ఎవరి మడతలో పడుతుందో చూసి ఒక్క వాక్యంలో నీ మాటల్లో రాయి. రెండు మడతల్లో పడేవి ఉంటాయి, వాటిని బాణంతో కలుపు. ఆ బాణాలే కారణాలు. రెండో రోజు కాగితం చూడకుండా ఇంకో కాగితం మీద మళ్లీ గీయి. తప్పులు పోతాయి, పోనీ. మర్చిపోయినవి ఎరుపుతో నింపు. మూడో రోజు ఎరుపు వాటినే చదువు. పుస్తకం నాలుగోసారి చదవకు, అది కళ్లకు పని తప్ప బుర్రకు కాదు. నాలుగో రోజు గడియారం పెట్టుకుని ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాయి: యుద్ధ కమ్యూనిజం వదిలి నెప్‌కు ఎందుకు మారారు?

"ప్రజలు కష్టాలు పడ్డారు కాబట్టి లెనిన్ నెప్ ప్రవేశపెట్టాడు" అని మొదలుపెడితే పేపరు దిద్దేవాళ్లు ఆవలిస్తారు. ఏ దేశంలో ఏ ఏడాదికైనా అతుక్కునే వాక్యం అది. "మిగిలినదంతా పట్టుకుపోతారని తెలిశాక రైతు తన అవసరానికి మించి విత్తడం మానేశాడు" అని మొదలుపెట్టి చూడు. తర్వాతి వాక్యం దానంతటదే వస్తుంది.

ప్రశ్న: ఫిబ్రవరి విప్లవం మొదలైంది ఫిబ్రవరి 23న అని పుస్తకంలో ఉంది. గైడులో మార్చి 8. అక్టోబరు విప్లవం నవంబరు 7న జరిగిందట. ఏది రాస్తే మార్కు వేస్తారు?
- పదో తరగతి విద్యార్థి

జవాబు: రెండూ ఒకే రోజు బాబూ. రష్యాలో అప్పుడు పాత జూలియన్ క్యాలెండరు వాడేవారు, అది మిగతా ఐరోపా కంటే 13 రోజులు వెనక ఉండేది. 1918లో దాన్ని మార్చారు. ఆ ఏడు జనవరి 31 తర్వాతి రోజు ఫిబ్రవరి 14. ఫిబ్రవరి 1 నుంచి 13 దాకా పుట్టినరోజులున్న వాళ్లందరికీ ఆ సంవత్సరం పండగ లేదు!

ఈ లెక్క తెలియక నేను బళ్లో చదివేటప్పుడు "అక్టోబరు విప్లవం నవంబరులో జరిగింది" అని రాస్తే పక్కన పెద్ద ప్రశ్నార్థకం వేసి సున్నా ఇచ్చారు. వెళ్లి అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆ కోపం ఇంకా ఉంది, చూడు. నువ్వు మొదటిసారి తేదీ వచ్చినప్పుడు "పాత క్యాలెండరు ప్రకారం ఫిబ్రవరి 23, కొత్త లెక్కలో మార్చి 8" అని రెండూ రాసేయి, తర్వాత ఒకే పద్ధతిలో నడిపించు. పైన అమ్మాయికి నేను 1918 జనవరి దాకా పాత లెక్కే రాశాను. మార్చి 8 మహిళా దినోత్సవం. ఆడవాళ్లు ఆ రోజే ఎందుకు రోడ్డెక్కారో కూడా తెలిసిపోయింది కదా.

ప్రశ్న: మా అబ్బాయికి యూనిట్ టెస్టులో వింటర్ ప్యాలెస్ మీద దాడి ఫొటో ఇచ్చి వివరించమన్నారు. జనం ఎలా దూసుకెళ్తున్నారో అరపేజీ చక్కగా రాశాడు. అయిదుకి రెండే వేశారు. ఇదేం న్యాయం టీచర్ గారూ?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ కోపం నాకు అర్థమైంది. ఆ ఫొటోలో పెద్ద చౌకు, అడ్డంగా పరుగెత్తుతున్న జనం, ఎదురుగా ప్యాలెస్ ఉంటే అది 1917 ఫొటో కాకపోవచ్చు. విప్లవం మూడో వార్షికోత్సవానికి, 1920 నవంబరులో, అదే చౌకులో వేలమందితో ఒక మహా ప్రదర్శన వేశారు. ఆ ప్రదర్శన ఫొటోనే తర్వాత ఎన్నో పుస్తకాల్లో అసలు దాడి ఫొటోగా అచ్చయింది. అసలు రాత్రి అంత ఆర్భాటం లేదు. లోపల కాపలాకు మిగిలింది యువ క్యాడెట్లు (సైనిక విద్యార్థులు), ఒక మహిళా దళం, కొంతమంది కొసాక్కులు. చాలామంది ముందే జారుకున్నారు. పక్క గుమ్మాల్లోంచి కూడా జనం లోపలికి వచ్చారు. మంత్రులు ఒక చిన్న భోజనాల గదిలో కూర్చుని దొరికారు. తాత్కాలిక ప్రభుత్వ ప్రధాని కెరెన్‌స్కీ పొద్దున్నే కారులో వెళ్లిపోయాడు.

బొమ్మ ఇచ్చిన ప్రశ్నలో బొమ్మలో ఉన్నది రాయడం సగం పనే. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎవరికి చూపించడానికి అని మిగతా సగం. అయితే ఆ సంగతి క్లాసులో ఒక్కసారైనా చెప్పకుండా మార్కులు కోస్తే మాత్రం మీరు వెళ్లి మర్యాదగానే అడగండి. పేపరు తీసుకుని వెళ్లండి, అబ్బాయిని కూడా తీసుకెళ్లండి.

ప్రశ్న: "రష్యా విప్లవం వల్ల మేలు జరిగిందా, కీడు జరిగిందా?" అనే ప్రశ్న వస్తుందంటున్నారు. మా నాన్న ఒకటంటారు, మామయ్య సరిగ్గా దానికి తిరగేసి చెప్తాడు. ఇద్దరూ గట్టిగా మాట్లాడతారు. నేను ఎవరి పక్షం రాయాలి?
- తొమ్మిదో తరగతి విద్యార్థి

జవాబు: ఇద్దరి దగ్గరా కాగితం పట్టుకుని కూర్చో నాయనా, నోట్సు ఊరికే వస్తుంది. వాళ్లు ఒక మాట అనగానే "ఏ సంవత్సరంలో, ఎవరికి?" అని అడుగు. గొంతు కాస్త తగ్గుతుంది.

మేలు వైపు: భూమి డిక్రీ, కొన్నాళ్లకే వచ్చిన ఎనిమిది గంటల పనిదినం, 1917 డిసెంబరులో సులువైన విడాకుల చట్టం, 8 నుంచి 50 ఏళ్ల వాళ్లంతా చదువు నేర్చుకోవాలన్న 1919 ఆదేశం. ఆడవాళ్లకు ఓటు హక్కు మాత్రం తాత్కాలిక ప్రభుత్వం ఇచ్చింది, అది లెనిన్ ఖాతాలో వేయకు. కీడు వైపు: 1917 డిసెంబరులోనే పుట్టిన చెకా అనే రహస్య పోలీసు, క్షామం, 1918 జనవరిలో ఒక్క రోజు సమావేశమై మూతపడ్డ రాజ్యాంగ సభ. ఆ సభ ఎన్నికల్లో బోల్షెవిక్కులకు వచ్చింది సుమారు నాలుగో వంతు ఓట్లు, వాళ్లకంటే రైతుల్లో బలమున్న సోషలిస్టు రివల్యూషనరీల పార్టీకి ఎక్కువ వచ్చాయి. మామయ్యో నాన్నో, ఇది ఎవరు వదిలేస్తున్నారో నాకు తెలిసిపోయింది.

పక్షం తీసుకో, తప్పు లేదు. కానీ ఎదుటి పక్షానికి చెందిన బలమైన విషయం ఒకటి నీ జవాబులోనే రాసి, దానికి నీ సమాధానం చెప్పు. "రెండూ సమానంగా జరిగాయి" అని మాత్రం ముగించకు, నిజంగా అలా అనిపిస్తే తప్ప. జవాబు పేజీన్నర దాటనివ్వకు. ఆఖరి పది నిమిషాలు తేదీలు సరిచూసుకోవడానికి ఉంచుకో. 1918 బదులు 1981 అని రాసే చేతులు నేను చాలానే చూశాను.